అలికిన కోర్టు

నా ఉద్యోగమంతా వానపాట్ల లెక్కలు కూర్చడంలో గడిచింది. కురిసినదెంతో కొలపాత్ర చెప్పాలి గాని రైతు చెప్పకూడదని, జరిగినదేమిటో అంకె చెప్పాలి గాని జ్ఞాపకం చెప్పకూడదని నమ్మి బతికినదాన్ని. అందుచేత చిన్ననాటి సంగతులు రాయమని ఎవరు అడిగినా ఇంతకాలం తప్పించుకుంటూ వచ్చాను. జ్ఞాపకానికి తేదీ ఉండదు, దాని కింద ఎవరి సంతకమూ ఉండదు. ఇప్పుడు రాయబోయే సంగతికి మాత్రం నా దగ్గర ఒక అంకె ఉంది. రాయడానికి ధైర్యం దానివల్లనే వచ్చింది. అది చివరికి ఎవరికీ అక్కరకు రాలేదన్నది వేరే మాట.

మా అన్న ఓబులేసు బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైనాడు. నిలబడి నిలబడి అరిగిపోయిన మోకాలికి ఈ వేసవిలో ఆపరేషను చేయించుకున్నాడు. వదిన పోయి చాలాకాలమైంది. ఇంట్లో మిగిలింది తొంభై దాటిన మా అమ్మ నాగమ్మ ఒక్కతే. ఆమెకు అతడు సాయమా, అతడికి ఆమె సాయమా అన్నది తేలని స్థితి. అందువల్ల నేను బుక్కరాయసముద్రంలో నా ఇంటికి తాళం వేసి, బస్సెక్కి కదిరికి వెళ్లాను. నాకూ వయసు మీదపడింది. ముగ్గురు ముసలివాళ్లం ఒకే పంకా కింద కూర్చుని, రోహిణీ కార్తె ఎండ కిటికీలోంచి గదిలోకి ఎంతదూరం వచ్చిందో చూసుకుంటూ పొద్దుపుచ్చేవాళ్లం.

పారిస్‌లో ఎర్రమట్టి మీద జరిగే పెద్ద టెన్నిస్ పోటీలు మాకు రోహిణిలో సాగి, మృగశిర దరిదాపుల్లో ముగుస్తాయి. ఈ సీమలో ఆ రోజుల్లో ఎవరికీ పని ఉండదు. దుక్కులు దున్ని, విత్తనం సిద్ధం చేసుకుని, ఆకాశం కేసి చూస్తూ కూర్చోవడమే పని. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అన్న మంచం మీద కాలు చాపుకుని టీవీ పెట్టించేవాడు. పొద్దు గూకేదాకా ఆ మట్టి మీద ఎవరో ఒకరు పరిగెత్తుతూనే ఉండేవారు. మాకు అలసట వచ్చేది గాని వాళ్లకు వచ్చేది కాదు.

ఆ మట్టి మీద బలానికి విలువ తగ్గుతుంది. వేరే నేల మీద కంటికి అందకుండా పోయే బంతి ఇక్కడ మట్టిని కరుచుకుని, వేగం పోగొట్టుకుని, ఎత్తుకు లేచి ఎదుటివాడికి వ్యవధి ఇస్తుంది. పేరున్న ఆటగాడొకడు మొదటి వారంలోనే పేరులేని కుర్రవాడి చేతిలో ఓడాడు. తన దెబ్బ తిరిగి వస్తుందని అతడు చివరిదాకా ఒప్పుకోలేకపోయాడు. మరొకడు రెండు సెట్లు పోయాక కూడా తొందరపడక గెలిచాడు. ఇంకొక ఆటలో మొత్తం పాయింట్లు ఎక్కువ సంపాదించినవాడే ఓడిపోయాడు. ఎక్కువ కూడినవాడు ఓడే లెక్క నా ఉద్యోగంలో నాకు ఎప్పుడూ ఎదురుకాలేదు. ఆ పూట నేను సరిగా అన్నం తినలేదు.

అమ్మ గుమ్మం పక్కన చేట ముందు పెట్టుకుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తూ ఉండేది. చేను ఎన్నడో గుత్తకిచ్చేశాము. గుత్తదారు తెచ్చి ఇచ్చే కాయలను ఇప్పటికీ తానే ఒలవాలంటుంది. ఒక్కొక్కసారి టీవీ వైపు తలెత్తి, “ఏం పాపా, అంత మట్టి పెట్టుకోని వీళ్లు తన్నుకులాడేదేంది? నాలుగు సాళ్లు ఇత్తుకోగూడదా?” అనేది.

“ఆడ వాన ఎక్కువమ్మా. వానొస్తే ఆట నిలిపేసి పట్ట కప్పుతారు,” అన్నాడు అన్న.

“వానొస్తే పట్ట కప్పుతారా!” అని అమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. “వాళ్ల కొవ్వు సల్లగుండ.”

ముగ్గురం నవ్వుకున్నాము. ఆ నవ్వు అయ్యాక ఆమె కాసేపు ఆ నేలను చూసి, “ఆ నేల ఎవురు అలుకుతారో?” అని మెల్లగా అడిగింది. అన్న రిమోటు తీసుకుని శబ్దం పెంచాడు. ఆమె తల దించుకుని కాయలు ఒలుచుకుంది. మా ఇంట్లో యాభై ఏళ్లుగా ఆ మాట వచ్చినప్పుడల్లా ఇంతే. కొడుకు బతుకును తన చేతులతో చెడగొట్టానని మా అమ్మ నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆమె వెళ్లిపోతుందేమోనన్న దిగులు ఈసారి కదిరిలో దిగినప్పటి నుంచి నన్ను వదల్లేదు.

మా నాయన బడిలో డ్రిల్లు మాస్టరు. మనిషి పొట్టి. మెడలో ఈలతోనే అన్నానికి కూర్చునేవాడు. వయసులో ఉండగా అనంతపురంలో దొరలు వదిలిపోయిన క్లబ్బులో టెన్నిస్ చూసి దానిమీద పిచ్చి పెంచుకున్నాడు. మా ఇంటి వెనక శనక్కాయ కట్టె కొట్టుకునే కళ్లం ఒకటుండేది. వరుసగా వానలు పోయి, కొట్టడానికి కాయే లేక అది ఖాళీగా పడి ఉంటే, దాన్ని చదును చేసి కోర్టు చేశాడు. జల్లెడ పట్టిన ఎర్రమన్ను పరిచి, దిమ్మిస కొట్టి, వారానికొకసారి పేడనీళ్లు చల్లేవాడు. ఆ పేడనీళ్లకు ఒక పద్ధతి ఉండేది. పేడను పలచగా కలిపి, పాత గోనెపట్టలో వడగట్టి, చీపురుతో చిలకరించాలి. దుమ్ము అణగాలి గాని మన్ను గరుకు పోకూడదు. ఆ గరుకే బంతిని పట్టుకుంటుంది.

నీళ్లు లేని కాలం. ఊరి బావి అడుగంటి, మంచినీళ్లకు పొద్దు పొడవకముందే ఆడవాళ్లు తోటల దాకా నడిచి వెళ్లేవారు. కోర్టుకు మంచినీటి చుక్క వాడకూడదని నాయన కట్టడి. మేము స్నానం చేసిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు దొడ్లో ఒక రాతి తొట్టిలో చేరేవి. సాయంత్రానికి ఆ తొట్టి నీళ్లు కోర్టుకు పోయేవి. తడిసిన మన్ను వాసన, పేడ వాసన, దానిలో సబ్బు వాసన. వాన వాసన ఎట్లా ఉంటుందో మరిచిపోయిన ఆ ఏళ్లలో మా ఇంటికి సాయంత్రం అదే వాన. ఇరుగుపొరుగు ముసలివాళ్లు ఆ వేళకు వచ్చి గోడ వారన కూర్చునేవారు. ఆట చూడటానికి వచ్చామనేవారు గాని తడి వాసన కోసం వచ్చేవారని అందరికీ తెలుసు.

అన్న ఆట ఆ నేలను బట్టి తయారైంది. వెనక్కు నిలబడేవాడు. ఎంత గట్టిగా కొట్టినా పరిగెత్తి అందుకుని, ఎత్తుగా, నిదానంగా తిప్పి వేసేవాడు. “బాలును నువ్వు సంపొద్దురా, వానితోనే సంపించు,” అని నాయన నేర్పిన పాఠం. ఎదుటివాడు విసిగి తప్పు చేసేదాకా కాచుకోవడమే. వానకు కాచుకునే ఇంట్లో పుట్టినవాడికి అది ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు.

ఆ ఏడు రైల్వేలో ఆటగాళ్ల కోటా ఉద్యోగాలు పడ్డాయి. సెలక్షన్లకు జిల్లా నుంచి ఒక్కరి పేరే పోతుంది. పోటీలన్నీ అయి చివరికి ఇద్దరు మిగిలారు. ఒకడు మా అన్న. రెండోవాడు అనంతపురంలో ఒక ఇంజనీరు కొడుకు, ప్రభాకర్. అతడిది సిమెంటు కోర్టు మీద నేర్చిన ఆట, బల్లపరుపుగా బలంగా కొట్టే ఆట. సెలక్షన్లు మట్టి మీదే గనుక ఆఖరి ఆట కూడా మట్టి మీదే జరగాలని, అది కూడా మా కళ్లంలోనే జరగాలని జిల్లా టెన్నిస్ సంఘం పెద్దలు తీర్మానించారు. పంటలేని ఇంట్లో నెలజీతం ఉద్యోగమంటే ఏమిటో నేను వివరించనక్కరలేదు. నేను అప్పుడు డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చి ఉన్నాను. అంకెలు తప్పకుండా పిలుస్తానని స్కోరు చెప్పే పని నాకు అప్పగించారు.

ఆటకు ముందు రోజు నాయన, అన్న కొత్త వల, బంతులు తేవడానికి అనంతపురం పోయారు. వాళ్లు బస్సెక్కగానే అమ్మ కొంగు బిగించింది. పక్కింటి రహమత్ బీ, ఆ వీధి ఆడవాళ్లు తలా ఒక బిందె మంచినీళ్లు మోసుకొచ్చారు. ఇంటింటికీ ఆ రోజుకు ఉన్న నీళ్లే అవి. పెండ్లి ఇంటి ముందు వాకిలి ఎట్లా అలుకుతారో, కొత్త పంట దిగేముందు కళ్లం ఎట్లా అలుకుతారో, అట్లా పేడలో పుట్టమన్ను కలిపి, మందంగా, అరచేతులతో అర్ధచంద్రాలు తిప్పుతూ కోర్టంతా అలికారు. పెద్దమనుషులు వచ్చే చోటు గరుకుగా, దుమ్ముగా ఉంటే ఇంటి ఆడవాళ్లకు నామర్దా కాదా? వల కట్టే గుంజల దగ్గర పద్మాలు వేశారు.

“నాయన పలచగానే చల్లుతాడు గదమ్మా,” అన్నాను నేను.

“మగోళ్ల అలుకుడు అదీ ఒక అలుకుడేనా?” అన్నది రహమత్ బీ, మోచేతుల దాకా పేడతో. “మొగం కడిగినట్ల కడుగుతాడు మీ నాయన. చూడు, ఇప్పుడు అన్నం పెట్టుకోని తినొచ్చు.”

సాయంత్రం బస్సు దిగివచ్చిన ఇద్దరూ దొడ్డివాకిట్లో నిలబడిపోయారు. కోర్టు నల్లగా, నున్నగా మెరుస్తోంది. ఆడవాళ్లంతా వరుసగా నిలబడి వాళ్ల ముఖాలు చూస్తున్నారు. అన్న చెప్పులు విడిచి దానిమీద ఒక్క అడుగు వేసి, పాదం జరిపి చూశాడు. “నాయనా, ఇది జారతాది,” అన్నాడు వినీ వినపడనట్టు. నాయన ఖాళీ బిందెల వైపు చూశాడు, అమ్మ చేతుల వైపు చూశాడు. “శానా బాగుండాదమ్మా,” అన్నాడు అందరితో. “ఎండకు అదే పగుల్తాది లేరా,” అన్నాడు అన్నతో.

“ఏమప్పా ఓబులేసూ, రేపు ఓడితివా, ఈ నీళ్లన్నీ నీ నెత్తిన పెట్టి మోపిస్తాం,” అని రహమత్ బీ బెదిరించింది. అందరూ నవ్వారు. అన్నా నవ్వాడు.

మరునాడు మొదటి సెట్టు మా కోర్టు మీద జరగలేదనే చెప్పాలి. బంతి నేలను పట్టుకోకుండా జారి, మోకాలి ఎత్తున దూసుకుపోయింది. ప్రభాకర్‌కు అది తన ఇంటి సిమెంటు లాగే ఉంది. అన్న ఎత్తుగా వేసిన బంతులు లేవకుండా చదునుగా పోయి అతడి బ్యాటుకు అందాయి. “బాలు పద్మంలో పడితే లోపలనా, బయటనా?” అని అనంతపురం నుంచి వచ్చినవాళ్లు ఎగతాళి చేశారు. ఆరు–మూడుతో ఆ సెట్టు పోయింది. రెండో సెట్టుకు ఎండ ముదిరింది. నాయన చెప్పినట్టే పేడ పెంకులు కట్టి, బూట్ల కింద నలిగి లేచిపోయింది. ఆటగాళ్లు నిలబడే మేర అంతా ఎర్రమన్ను బయటపడింది. బంతి మళ్లీ మన్నును కరిచి ఎత్తుకు లేచింది. అన్న అయిదు–రెండు మీదికి వచ్చాడు. గోడ మీద కూర్చున్నవాళ్లు అరవడం మొదలుపెట్టారు. అక్కడి నుంచి అయిదు గేములు వరుసగా పోయాయి. ఏడు–అయిదు. ఆ అంకెలను పిలిచింది నేనే.

ఆట ముగిశాక పెద్దమనుషులు కుర్చీల్లోంచి లేస్తుండగా నాయన వాళ్ల ఎదుటికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “కోర్టు జారింది సార్. మా ఆడోళ్లు తెలీక మందంగా అలికినారు. పిల్లోనికి ఇంగొక్కతూరి అవకాశమిస్తే…” అన్నాడు. వాళ్లకు అందించడానికి మజ్జిగ లోటాలు పట్టుకుని అమ్మ అప్పుడే వెనక నుంచి వచ్చింది. ఆ మాట పూర్తిగా విన్నది. వాళ్లు మజ్జిగ తాగారు, బాగుందన్నారు, జీపెక్కి పోయారు. ప్రభాకర్ పేరే పోయింది.

నాయన ఆ మాట బతిమాలడానికి అన్నాడు గాని, అది ఇంట్లో నిలిచిపోయింది. ఎందుకు ఓడావని అడిగినవాళ్లకు చెప్పడానికి సులువుగా ఉంది. అన్న కాదనలేదు. అడిగినవాళ్లు అయ్యో అన్నారు. అమ్మ మరునాటి నుంచి అలకడం మానేసింది. వాకిట్లో ఉత్త నీళ్లు చల్లేది. పండుగలకు కూడా రహమత్ బీని పిలిచి అలికించుకునేది. “చెయ్యి నొప్పి,” అనేది. పేడ తట్ట పక్కన పోవలసి వస్తే చుట్టు తిరిగి పోయేది. రెండేళ్లకు అన్నకు కండక్టరు పని దొరికింది. ఆ తరువాత నాయన మళ్లీ కోర్టు పెట్టుకోలేదు.

ఇప్పుడు ఆ కళ్లం ఉన్న చోట ప్లాట్లు వేశారు. వాకిళ్లన్నీ సిమెంటువి, ఇళ్లలో టైల్సు. అలకడం అనే పనే లేదు కాబట్టి అమ్మ అలకదన్న సంగతి కొత్తవాళ్లకు తెలిసే అవకాశం లేదు. కుళాయి తిప్పితే నీళ్లు వస్తున్నాయి, రాని రోజు ట్యాంకరు వస్తుంది. పట్టణంలో పిల్లలు నీలిరంగు కోర్టుల మీద దీపాల వెలుగులో ఆడుకుంటున్నారు. బాగుందో లేదో చెప్పే శక్తి నాకు లేదు. అప్పటి నీళ్లనూ ఇప్పటి నీళ్లనూ నేను కొలిచాను. ఎక్కువ తక్కువలు చెప్పగలను. ఆ సాయంత్రాల తడి వాసనకు కొలపాత్ర లేదు, అంతే.

ఈసారి పోటీల చివరి రోజుల్లో ఆడపిల్లల ఆట ఒకటి జరుగుతోంది. ఎర్రమట్టి మీద ఒక సౌకర్యముంది. బంతి పడిన చోట ముద్ర మిగులుతుంది. బయట పడిందో లోపల పడిందో తగువొస్తే పోయి చూసుకోవచ్చు. ఒక పిల్ల మంచి ఒత్తిడిలో ఉంది. ఎదుటి పిల్ల కొట్టిన బంతి బయట పడిందని గీత దగ్గరి మనిషి కేక వేశాడు. పాయింటు ఈ పిల్లదే. అయినా ఈ పిల్ల తానే నడిచివెళ్లి, వంగి ముద్రను చూసి, లోపలే పడిందని చేత్తో సైగ చేసి, బూటుతో ఆ ముద్రను తుడిచేసింది. పాయింటు పోయింది. కాసేపటికి ఆటా పోయింది. పోయాక వల దగ్గర ఎదుటి పిల్లను కౌగిలించుకుని, నవ్వలేక నవ్వింది.

అన్న టీవీ ఆపేశాడు. మంచం మీద అమ్మ వైపు తిరిగాడు.

“అమ్మా,” అన్నాడు. “ఆ పొద్దు నేను ఓడింది పేడతో కాదు మా.”

“ఏ పొద్దు?” అన్నది అమ్మ, తెలిసీ.

“ప్రభాకరుతో ఆడిన పొద్దు. రెండో సెట్టుకు పేడంతా లేసిపాయ. మన మన్నే తేలింది. ఐదు–రెండు మీదుండా. ఇంగొక్క గేము. భయమైంది మా. బాలు వచ్చి నా ముందర నిలబడినా కొట్టలా. వాడే తప్పు సేస్తాడులే అని ఊరికే తిప్పి ఏస్తి. వాడు కొట్టినాడు. అంతే.”

విత్తడానికి పదును దొరికినా ఇంకొక వాన పడనీ అని ఆగి, ఆ పదునూ పోగొట్టుకున్న రైతులను నా లెక్కల్లో ఎందరినో చూశాను. కాచుకోవడం నేర్చినవాడికి కాచుకోవడం ఎక్కడ మానాలో ఎవరూ నేర్పరు. ఆ మధ్యాహ్నం ఎండలో అన్న ముఖం నాకు మళ్లీ కనిపించింది. ఇన్నాళ్లకు నా అంకెకు పని పడిందనుకున్నాను.

“నిజమేనమ్మా,” అన్నాను. “స్కోరు పిలిచింది నేనే గదా. ఆరు–మూడు పోయింది పేడ మీద. ఏడు–అయిదు పోయింది మట్టి మీద. రెండో సెట్టు గెలిచింటే మూడోది ఉండేది. వరసగా అయిదు గేములు పోయినప్పుడు ఆడ నీ పేడ లేదు. నీ తప్పు లేదమ్మా, లెక్క అది.”

అమ్మ చేట పక్కకు నెట్టింది. నా వైపు చూడలేదు, అన్న వైపే చూసింది.

“మొదటి సెట్టు నేను చెడగొట్టకుండా ఉంటే, నువ్వు రెండోదానికి భయపడుదువా?”

అన్న చాపుకున్న కాలిని చేత్తో దగ్గరికి తీసుకున్నాడు.

“సెప్పురా. ముందర గెలిచినోడికి ఎనక భయమేంది?”

“అట్ల కాదు మా…”

“ఎట్ల కాదు? నా కొడుకు భయపడేటోడు కాదు. నీళ్లు మోసినాము, నున్నగా అలికినాము, నీ కాలు జారె. నీ గుండె కూడా ఆడ్నే జారింది. నీ ఓటమిని నన్ను తప్పించి నువ్వొక్కనివే ఎత్తుకుంటావేంరా? మోసేదానికి నేనింకా బతికుండానే.” అటు తరువాత నా వైపు తిరిగింది. “నువ్వు లెక్కలు సూసుకుంటా కూసో పాపా. ఆ నేల మీద చెయ్యి పెట్టింది నేను.”

ఆమె వాదంలో తప్పు ఎక్కడుందో ఇప్పటికీ వెతుకుతున్నాను. మొదటి సెట్టు పోకుండా ఉన్నట్టయితే మనిషి రెండో సెట్టు ఎట్లా ఆడేవాడో చెప్పే అంకె ఏ స్కోరులోనూ ఉండదు. ఆమెను ఆ తప్పు నుంచి విడిపించాలని చూశాము. విడిపిస్తే ఆమె కొడుకు భయపడి ఓడినవాడు అవుతాడు. ఆమె దానికి ఒప్పుకోదు. యాభై ఏళ్లు ఆలస్యంగా తెలిసిన సంగతి ఇది. తెలిసి చేయగలిగింది ఏమీ లేదు.

అన్న అమ్మ చేతులను చూశాడు. వేళ్ల కణుపులు ఉబ్బి, శనక్కాయ పొట్టుతో ఎర్రబడి ఉన్నాయి.

“సరే మా,” అన్నాడు చివరికి, అలసిన గొంతుతో. “నీ పేడతోనే ఓడినా.”

“ఆ,” అన్నది అమ్మ, చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంటూ. “అట్ల సెప్పు.”